అద్దం ముందు అన్నయ్య

పోయిన వారం మనం మెట్లెక్కి గుమ్మం దగ్గర ఆగాం. గుమ్మానికి అవతల, ఊలు టోపీ చెవుల కిందికి లాక్కున్న ఏడేళ్ళ పిల్ల, దాని చెయ్యి పట్టుకుని తెల్లచొక్కా పెద్దాయన. ఇవతల మన దువ్వెనమ్మ, నడుముకి ఏప్రన్, ముక్కు మీద కళ్ళజోడు, భుజం మీద తడి తువ్వాలు. "కలనేత అంటే ఇదేనా అమ్మా?" అని అడిగాడు పెద్దాయన. ఇరవై ఏళ్ళ కింద తనని పసిగుడ్డుతో సహా గుమ్మంలోంచే వెనక్కి పంపేసిన సొంత అన్నయ్య ఆయన. పైగా ఎదురుగా నిలబడ్డది ఎవరో గుర్తుపట్టినట్టు కూడా లేడు.

ఏ మొహం పెట్టుకుని వచ్చాడు అని అడగాలనిపించింది. మెట్ల మీంచి తోసెయ్యాలనీ అనిపించింది. కానీ అంతకంటే మంచి ఆలోచన ఒకటి ఆవిడ బుర్రలో మెరిసింది. "రండి, లోపలికి రండి" అంది, నోట్లో బెల్లంముక్క ఉన్నంత తియ్యగా. అలా పిలవడం ఆవిడ వంటికి పడని పని. కిటికీ దగ్గర కూచున్న కవలల తల్లి అప్పుడే తలెత్తి చూసింది.

కలనేత అంటే సైకిల్ రిపేరు షాపు మీద రెండు గదులు. అమ్మది ఒక జాతి, నాన్నది ఇంకో జాతి, ఒంటిరంగు ఒకరిది, జుట్టు ఇంకొకరిది, ఇంట్లో రెండు భాషలు. అలాంటి పిల్లలూ వాళ్ళ పెద్దవాళ్ళూ శనివారం పొద్దున్న చేరే చోటు. వారమంతా బ్యూటీ పార్లర్లో పనిచేసే దువ్వెనమ్మ ఆ రోజు ఇక్కడ పిల్లలకి తల దువ్వుతుంది, తల్లులకి నేర్పుతుంది. తిన్నని జుట్టు తల్లికి రింగుల జుట్టు పిల్ల పుడితే ఎక్కడ పట్టుకోవాలో తెలియదు పాపం. నెత్తి మీంచి కిందికి లాగుతుంది. పిల్ల ఇల్లెగిరిపోయేలా అరుస్తుంది. కొసల దగ్గర మొదలుపెట్టి పైకి రావాలి, కుదుళ్ళు రెండో చేత్తో అదిమి పట్టుకోవాలి, అంతే. ఆ చిన్న సంగతి తెలియక ఎన్ని ఇళ్ళలో ఎన్ని ఏడుపులో.

ఇక్కడ ఇంకో అలవాటు కూడా ఉంది. దాన్ని 'ముఖం చెప్పడం' అంటారు. ఈ పిల్లలు రోడ్డెక్కితే చాలు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా ఆగి, "ఎవరి పిల్లవే నువ్వు? మీ అమ్మ పోలికే లేదే" అంటారు. కవలల తల్లిని అయితే పార్కులో ఒకావిడ, "వీళ్ళని చూసుకున్నందుకు నీకు జీతం ఎంత?" అని అడిగింది. "రాత్రంతా నిద్ర లేకుండా చేస్తారు, అదే నా జీతం" అని చెప్పొచ్చిందట ఈవిడ. నవ్వుకోడానికి బానే ఉంటుంది, కానీ పక్కన నిలబడి విన్న పిల్లలకి నవ్వు రాదు కదా.

అందుకని కొత్త పిల్ల ఎవరొచ్చినా అద్దం ముందు కుర్చీలో కూచోబెడతారు. తీసుకొచ్చిన పెద్దవాళ్ళు పక్కన నిలబడి, నుదురు ఎవరిదో, ముక్కు ఎవరిదో, ఒక్కొక్కటీ చూపించి అందరికీ వినపడేలా చెప్పాలి. వాళ్ళు చెబుతుంటే ఒకరు దువ్వుతుంటారు. తెలియకపోతే తెలియదనచ్చు. చుట్టూ ఉన్నవాళ్ళు ఏమైనా అడగచ్చు. అబద్ధం మాత్రం చెప్పకూడదు. ఎందుకంటే కుర్చీలో కూచున్నది నమ్మేస్తుంది.

ఈ అలవాటు పెట్టింది దువ్వెనమ్మే. ఎందుకు పెట్టిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇరవై ఏళ్ళ కింద పుట్టింటి గుమ్మంలో అన్నయ్య పసిదాన్ని చేతుల్లోకి తీసుకుని, మొహం ఎడమకి తిప్పాడు, కుడికి తిప్పాడు. తర్వాత కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తుడుచుకుని, "ఈ మొహం మా ఇంట్లో ఎవరిదీ కాదు. తీసుకెళ్ళు" అన్నాడు. లోపలి గదిలో నాన్న మంచంలో దగ్గుతున్నాడు. ఆ దగ్గు వినపడుతుండగానే తలుపు మూసేశాడు. కొన్నాళ్ళకి నాన్న పోయాడని ఎవరో చెబితే తెలిసింది. ఇన్నేళ్ళూ బట్టలుతుకుతున్నా, బస్సెక్కినా, ఎవరి తలకి రంగు వేస్తున్నా ఆ 'తీసుకెళ్ళు' ఆవిడ చెవిలో మోగుతూనే ఉంది.

ఇవాళ అతను తనంతట తాను నడిచొచ్చి చేతికి చిక్కాడు. అందరి ముందూ నిలబెట్టి అతని నోటితోనే నిజం కక్కించాలి. కక్కించాక అదే మాట అతని మొహాన కొట్టాలి. తీసుకెళ్ళు. అంతకు మించి ఆవిడకి ఇంకేం అక్కర్లేదు.

"ఏమిటి మీ ఇబ్బంది?" అని అడిగింది, ఏమీ తెలియనట్టు.

"నా మనవరాలమ్మా. మా అమ్మాయి కూతురు" అన్నాడు పెద్దాయన. "మా అమ్మాయికి ఆపరేషన్ అయి ఆసుపత్రిలో ఉంది. మా ఆవిడ దాని దగ్గరే ఉంది. అల్లుడు ఓడ మీద వంటవాడు, ఎప్పుడొస్తాడో వాడికే తెలీదు. దీన్ని నేనే చూసుకుంటున్నా. స్కూల్లో ఏదో అన్నారట. అప్పట్నించీ ఈ టోపీ తియ్యదు, స్కూలుకి పోదు, అద్దంలో చూసుకోదు. వాళ్ళ టీచరే మీ దగ్గరికి తీసుకెళ్ళమంది."

"అలాగా. కుర్చీలో కూచోబెట్టండి" అంది దువ్వెనమ్మ. మామూలుగా అయితే దువ్వెన ఆవిడే అందుకుంటుంది. ఇవాళ ఎదురుగా కూచుని అడగాలి. దువ్వుతూ కూచుంటే అడగడం కుదరదు. "ఉంగరాలూ, నువ్వు రా" అని పక్కగదిలోకి కేకేసింది.

ఉంగరాలు ఆవిడ కూతురు. నర్సింగు చదువుతోంది. తల నిండా రింగులు, వాటికి సరిపోయే నోరు. ఆ పేరు పెట్టింది వాళ్ళ నాన్న. బస్సు డ్రైవరు ఆయన. పిల్లని ఎత్తుకున్నప్పుడల్లా ఒక రింగు వేలికి చుట్టుకుని, నాకిదే పెళ్ళి ఉంగరం అనేవాడు. కోపం తలకెక్కి ఉంది కనక, ఆ పిల్లని పిలవడం ఎంత పొరపాటో దువ్వెనమ్మకి ఆ క్షణాన తట్టలేదు.

ఉంగరాలు వచ్చి టోపీ పిల్ల వెనక నిలబడింది. పిల్ల రెండు చేతులతో టోపీ గట్టిగా పట్టుకుంది.

"తియ్యక్కర్లేదులే. టోపీనే దువ్వేస్తా" అంది ఉంగరాలు, నిజంగానే ఊలు మీద దువ్వెన పెట్టి. "అబ్బో, ఎంత చిక్కో. ఇది ఎప్పుడు తలంటుకుంది?"

పిల్ల నవ్వు ఆపుకుంది. ఇంకో రెండుసార్లు దువ్వేసరికి ఆపుకోలేకపోయింది. టోపీ తనే తీసి ఒళ్ళో పెట్టుకుంది. కుడివైపు రింగులు భుజం దాకా ఉన్నాయి. వెనకవైపు అరచెయ్యంత మేర కుదుళ్ళ దాకా కత్తిరించేసి ఉంది.

"తాతయ్య కత్తిరించాడక్కా. చిక్కు రాలేదని" అంది పిల్ల.

"మా షాపులో కత్తెరతో" అన్నాడు పెద్దాయన నేలచూపులు చూస్తూ. "దువ్వుతుంటే ఏడ్చింది. నాకు చాతకాలేదు."

ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది, చిక్కు కనపడితే కత్తిరించెయ్యడమేగా వీడికి తెలిసిన విద్య అనుకుంది దువ్వెనమ్మ. పైకి మాత్రం, "ముఖం చెప్పండి. మా అలవాటు. అబద్ధం చెప్పకూడదు" అని, రూలు వివరించి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూచుంది.

ఉంగరాలు జుట్టు తడిపి, పాయలు తీసి క్లిప్పులు పెట్టి, కొసల దగ్గర మొదలుపెట్టింది. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"నుదురు మా అల్లుడిది."

"మీకిష్టమేనా ఆ అల్లుడంటే?" కవలల తల్లి అడిగేసింది. ఆవిడ నోరు ఊరుకోదు.

"పెళ్ళప్పుడు కాదు. రెండేళ్ళు మా గుమ్మం తొక్కనివ్వలేదు" అన్నాడు పెద్దాయన. "ఇప్పుడు అమ్మాయి మంచం పక్కన వాడు లేడే అని నేనే ఏడుస్తున్నాను."

అల్లుడికి రెండేళ్ళకే తలుపు తీశావన్నమాట అనుకుంది దువ్వెనమ్మ. తనకి ఇరవై ఏళ్ళు. ఆవిడ పళ్ళు నూరుకోవడం పక్కన కూచున్న లెక్కల మాస్టారికి వినపడిందేమో, ఆయన తన కుర్చీ కొంచెం అవతలికి జరుపుకున్నాడు. ఆయన కూడా ఇక్కడి తండ్రే, ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటున్నాడు.

"ముక్కు మా ఆవిడది. గడ్డం కింద ఈ నొక్కు నాది" అంటూ పెద్దాయన తన గడ్డం చూపించాడు. పిల్ల మొదటిసారి అద్దంలోకి చూసి, తాతయ్య గడ్డంలోకి చూసి, తన నొక్కు వేలితో తడుముకుంది. "జుట్టు వాళ్ళ నానమ్మది. నేను ఫోటోలోనే చూశాను. ఆవిడకి నడుం దాకా ఉండేదట. అంతే అమ్మా. అయిపోయింది."

"అవలేదు" అంది దువ్వెనమ్మ. "చెవులు?"

"చెవులదేముందమ్మా, అందరివీ ఒకలాగే ఉంటాయి."

"మీరేం పని చేస్తారు?"

"కళ్ళజోళ్ళ షాపు."

"రోజంతా జనం చెవుల మీద కళ్ళజోళ్ళు పెట్టడమేగా మీ పని. ఏ రెండు చెవులైనా ఒకలా ఉన్నాయా ఎప్పుడైనా?"

లెక్కల మాస్టారు చప్పుడు చెయ్యకుండా తన చెవులు రెండూ తడిమి చూసుకున్నాడు.

"ఒకాయనకి ఎడమచెవి కిందికి ఉంటుంది, ఒకావిడకి కుడిది వెనక్కి ఉంటుంది. మీరు చూసి, కాడ కాస్త వంచి ఇస్తారు. అవునా? మనిషి మొహం గుర్తులేకపోయినా చెవి గుర్తుంటుంది మీకు. ఆ పిల్ల ఎడమచెవి చూసి చెప్పండి. ఎవరిది?"

ఉంగరాలు సాయంగా రింగులు పక్కకి తీసి పట్టుకుంది. చెవి మొదట్లో, చెంపకి ఆనుకునేచోట, సూదిమొనంత చిల్లు. కుట్టించింది కాదు, పుట్టుకతో వచ్చింది. దువ్వెనమ్మకి తెలుసు. వాళ్ళ నాన్నకి ఉండేది. తనకి ఉంది. నా చెవి కుట్టబోయి దేవుడికి గురి తప్పింది అనేవాడు నాన్న. నీకూ తప్పిందే పిచ్చిమొద్దూ అని ఆ చోట వేలు పెట్టి తిప్పేవాడు. ఇద్దరికీ ఒకే ముద్ర కొట్టి పంపాడు అని ఊరంతా చెప్పుకునేవాడు. అన్నయ్యకి లేదు.

పెద్దాయన చెయ్యి మెల్లగా పైకి లేచింది. కళ్ళజోడు తీశాడు. చొక్కా అంచు పట్టుకుని తుడవడం మొదలుపెట్టాడు.

దువ్వెనమ్మ ముందుకి వంగింది. ఆ తుడుచుకోవడం ఆవిడకి చిన్నప్పట్నించీ తెలుసు. పరీక్ష తప్పిన రోజు తుడిచాడు, నాన్న గడియారం పగలగొట్టిన రోజు తుడిచాడు. అబద్ధం చెప్పేముందు తుడవకుండా ఉండలేడు. చెప్పు, చెప్పరా అబద్ధం, ఇక్కడే పట్టేస్తాను అనుకుంది.

తుడిచిన కళ్ళజోడు పెట్టుకున్నాడు పెద్దాయన. అద్దంలో పిల్ల చెవి కేసి చూశాడు.

"ఈ చెవి మా నాన్నది" అన్నాడు. "నాన్న తర్వాత మా చెల్లెలిది. నాకు రాలేదు. నా కూతురికీ రాలేదు, మమ్మల్ని దాటి దీనికొచ్చింది."

"చెల్లెలుందా మీకు?" అంది దువ్వెనమ్మ.

"ఉంది. ఎదురుగా కూచుని అడుగుతోంది" అన్నాడు. "గుమ్మంలోనే గుర్తుపట్టానమ్మాయ్. నోరు విప్పితే పొమ్మంటావని ఊరుకున్నా. పిల్ల తల బాగుపడేదాకా ఎన్ని మాటలైనా పడదామనుకున్నా."

కవలల తల్లి చేతిలో టీ గ్లాసు ఒలికింది. తుడుచుకునే ధ్యాస కూడా లేదు ఆవిడకి.

"అయితే పూర్తిగా చెప్పు" అంది దువ్వెనమ్మ. ఇక మీరు లేదు, గారు లేదు. "ఆ రోజు నా పిల్ల చెవి చూశావా, లేదా?"

"చూశాను."

"అందరికీ వినపడాలి."

"చూశాను. ఎడమచెవే. ఇదే చోట" అన్నాడు అన్నయ్య. "చూసే కాదన్నాను. నాన్న ముద్ర నాకు రాలేదు. ఊరూ పేరూ తెలియనివాడికి పుట్టిన పిల్లకొచ్చింది. నాకు కుళ్ళు పుట్టింది. నువ్వు వెళ్ళాక నాన్న పిలిచి అడిగాడు. పిల్ల చెవి దగ్గర చూశావురా, ఉందా అని. లేదు నాన్నా అన్నాను. అటు తిరిగి పడుకున్నాడు. తర్వాత ఇక ఆ పిల్ల ఊసే ఎత్తలేదు."

కింద షాపులో ఎవరో సైకిల్ ట్యూబుకి గాలి కొడుతున్నారు. ఇరవై ఏళ్ళుగా దువ్వెనమ్మ ఈ ఘడియ కోసం కాచుకుంది. ఇలా వింటే గుండెల మీంచి బండ దిగిపోతుందనుకుంది. దిగలేదు సరికదా, ఇంకొకటి ఎక్కింది. నాన్న అడిగాడట. అడిగితే లేదన్నాడట. ఉంగరాలు తన మనవరాలు కాదనుకునే ఆయన కళ్ళు మూశాడన్నమాట. ఆవిడ లేచి నిలబడింది.

"బాగా చెప్పావు" అంది. "ఇక తీసుకెళ్ళు."

"అమ్మాయ్..."

"తీసుకెళ్ళు. నీ మనవరాలి మొహం మా ఇంట్లో ఎవరిదీ కాదు."

అనేసింది. నోరారా అనేసింది. అన్నయ్య మొహం పాలిపోవడం కళ్ళారా చూసింది. కానీ ఆ మాట విని ఒళ్ళోంచి టోపీ తీసి మళ్ళీ తలకి తగిలించుకుంటున్నది అన్నయ్య కాదు, పిల్ల. రెండు చేతులతో చెవుల కిందికి లాక్కుంటోంది.

"ఎవర్నమ్మా తీసుకెళ్ళమంటున్నావు?"

ఉంగరాలు గొంతు. దువ్వెనమ్మ అప్పుడు చూసింది కూతురి వైపు. దువ్వేటప్పుడు అడ్డురాకుండా జుట్టంతా ఎత్తి ముడేసుకుంది ఆ పిల్ల. అద్దంలో ఎడమచెవి కొట్టొచ్చినట్టు కనపడుతోంది. చిల్లు మీద వేలు పెట్టుకుని నిలబడి ఉంది.

"దువ్వడం సగంలో ఉంది. ఈ పిల్లని ఎక్కడికీ తీసుకెళ్ళేది లేదు" అంది ఉంగరాలు. వంగి పిల్ల టోపీ మెల్లగా తీసింది. "కదలకు బంగారం. ఇంకో రెండు పాయలే. నేను నీకు అక్కని కాదట, అత్తనవుతానట. ఇప్పుడే తెలిసింది నాకు కూడా."

ఆ రెండు పాయలూ దువ్వింది. కత్తిరించిన చోటు కనపడకుండా పక్క రింగులు అటు తిప్పి రెండు పిన్నులు పెట్టింది. పిల్లని దింపి, కవలల తల్లికి అప్పగించి బిస్కెట్లిమ్మంది. కుర్చీ మీద పడ్డ వెంట్రుకలు దులిపింది. ఇంతసేపూ దువ్వెనమ్మ నిలబడ్డచోటే నిలబడి ఉంది. ఉంగరాలికి నిజం చెప్పెయ్యవే, ఎన్నాళ్ళు దాస్తావు అని మొగుడు ఏటా అడుగుతూనే ఉన్నాడు. పెద్దదయ్యాక, పెద్దదయ్యాక అంటూ ఇంత పెద్దదాన్ని చేసింది.

ఉంగరాలు జుట్టు ముడి విప్పుకుంది. వెళ్ళి ఆ కుర్చీలో తను కూచుంది.

"ఈ కుర్చీలో మొట్టమొదట కూచున్నది నేనేనంటావు కదమ్మా. ఐదేళ్ళప్పుడు. నాకు అంతా గుర్తుంది" అంది అద్దంలోకి చూస్తూ. "నాకు మామయ్య లేడన్నావు. మరి ఆయనెవరు? తాతయ్య నన్ను ఒళ్ళో కూచోబెట్టుకుని ఈ చెవి మీద ముద్దు పెట్టాడన్నావు. స్కూల్లో ఎవరేమన్నా నేను ఆ ముద్దే తలుచుకునేదాన్ని. చెవి మీద చెయ్యి పెట్టుకుని పడుకునేదాన్ని. పెట్టాడా?"

నిన్ను గుమ్మం కూడా దాటనివ్వలేదు అని ఐదేళ్ళ పిల్లకి ఏ తల్లి చెబుతుంది అనుకుంది దువ్వెనమ్మ.

"నువ్వు అడిగితే ఆయన నిజం చెప్పాడు" అంది ఉంగరాలు, మామయ్య వైపు చూడకుండా చెయ్యి మాత్రం అటు చూపించి. "ఇప్పుడు నువ్వు రా. వచ్చి పక్కన నిలబడు. నా మొహం చెప్పు, మొదటినించీ. రూలు నీదే కదా."

మాస్టారు లేచి దారి ఇచ్చాడు. దువ్వెనమ్మ నడిచి వెళ్ళి కుర్చీ పక్కన నిలబడింది. అద్దంలో కూతురు, కూతురి వెనక అన్నయ్య, ఇద్దరూ ఆవిడ నోటికేసే చూస్తున్నారు. ఏం చెప్పాలో వెతుక్కుంటోంది. తాతయ్య నిన్ను దూరంనించి చూశాడు అందామా, కిటికీలోంచి చెయ్యి ఊపాడు అందామా, అదైనా మిగులుతుంది పిల్లకి.

అన్నయ్య చూపు ఉన్నట్టుండి కిందికి దిగింది, ఆవిడ చేతుల మీదికి. దేన్ని చూస్తున్నాడా అని ఆవిడా చూసుకుంది. ఎప్పుడు తీసిందో తెలియదు, తన కళ్ళజోడు ఆవిడ చేతిలో ఉంది. ఏప్రన్ అంచుతో తుడుస్తోంది.